పోతుదూడ కోసం ఏడ్చాను. మీరు ఎద్దు కోసం ఏడవడంలో తప్పేముంది?

కబేళాకి వెళ్తున్న లారీలోంచి విడిపించి తెచ్చుకున్న ఎద్దు ఇన్నేళ్ళు మీ దగ్గర బతికి ఈమధ్యే చనిపోయిందని, "పశువు కోసం ఇంత ఏడుపేంటి" అని ఇంట్లోవాళ్ళే అంటున్నారని, ఈ బాధ తగ్గే దారేంటని అడిగారు. నాకు తెలిసి దారేం లేదండీ. ఏడుపొస్తే ఏడవండి, ఎవరో ఏదో అనుకుంటారని మింగుకోకండి. మనుషులు పోతే పది రోజులు ఇల్లంతా కూర్చుని ఏడవచ్చట, రోజూ మన చేతి మేత తిన్న జీవి పోతే సాయంత్రానికల్లా మామూలైపోవాలట. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు.

మాది గుడివాడ దగ్గర ఒక పల్లె. నేను పోగొట్టుకున్నది ఎద్దు కూడా కాదు, పోతుదూడ. మావైపు ఎవరింట్లో గేదె ఈనినా మొదట అడిగేది "పెయ్యా, పోతా?" అనే. పెయ్య అంటే అందరి మొహాలూ వెలుగుతాయి. పోతు అంటే "పోన్లే, తల్లి బాగానే ఉందిగా" అని ఊరుకుంటారు. మా చిన్నోణ్ణి, అంటే ఆ దూడని, కాలవ గట్టు మీద ఒక పాల షెడ్డు వెనకాల చూశాను. బొడ్డు ఇంకా ఎండలేదు. తల్లి దగ్గర పాలు తాగకుండా మూతికి కొబ్బరితాడు చిక్కం కట్టేశారు. అడిగితే షెడ్డులో పనిచేసేవాడు "పోతుదూడేగా అమ్మా, రేపో మాపో పోద్ది" అన్నాడు, ఏ బాధా లేకుండా. మా ఆయన బండి నడుపుతుంటే వెనక కూర్చుని ఒళ్ళో పెట్టుకుని తెచ్చేశాను.

అప్పుడు మా గేదె వట్టిపోయి ఉంది. సీసాతో ప్యాకెట్ పాలు పడితే వాడికి పారుడు పట్టుకుంది. పశువుల డాక్టరుగారు చూసి, గేదె దూడలకి ఏలికపాములు తల్లి పాలలోంచే వస్తాయని, పుట్టిన పది రోజులకల్లా పురుగుల మందు పట్టించకపోతే చాలా దూడలు అలాగే పోతాయని చెప్పారు. పుట్టిన కొద్ది గంటల్లో జున్నుపాలు కడుపులో పడకపోతే రోగాన్ని తట్టుకునే శక్తే రాదట. ఆ జున్నుపాలే మనం బెల్లం, మిరియాలు వేసి వండుకుంటాం, టౌన్లో అయితే లీటర్ల లెక్కన కొనుక్కుంటాం. దూడ కడుపు నిండాక మిగిలినవి తినండి, ఎవరు కాదన్నారు? ముందు దాని నోట్లో పడాలిగా.

మా అత్తగారికి మొదట్లో వాడంటే చిరాకు. "పాలెక్కడివే దీనికి?" అని రోజూ సణిగేవారు. తర్వాత వాణ్ణి బతికించింది ఆవిడే.

మా వీధిలో ఒక బాబాయ్ ఉన్నారు. ఆయన గేదె ఈనిన కొద్ది రోజులకే దూడ పోయింది. గేదె చేపడం, అంటే పొదుగులోకి పాలు దించడం, మానేసింది. పొదుగు నిండి బిగుసుకుపోయింది, చెయ్యి వేస్తే తన్నుతోంది. ఇంజక్షన్ వేయించమని ఒకరు, చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి ఎదురుగా నిలబెట్టమని ఇంకొకరు చెప్పారు. మా అత్తగారు ఆ రాత్రి ఏమీ అనలేదు. తెల్లారగానే "చిన్నోణ్ణి తీసుకుని పదవే" అన్నారు.

తవుడులో ఉప్పు కలిపి తడిపి వాడి వీపంతా రాశారు. చచ్చిపోయిన దూడ పడుకున్న చోట గడ్డి ఇంకా తీయలేదు. ఆ గడ్డితో వాడి ఒళ్ళంతా రుద్దారు. గేదె ముందుకి తెచ్చి నిలబెడితే వాడి మోకాళ్ళు వణుకుతున్నాయి. గేదె ఒక్కసారి బుస్సుమని తల విసిరింది. బాబాయ్ భయపడి పలుపు బిగించి పట్టుకున్నారు. "దాని తల వదిలెయ్ అన్నయ్యా, వాసన చూసుకోనీ" అన్నారు అత్తగారు. వదిలారు. అది ముక్కు దించి వాడి వెన్ను మీద ఊపిరి విడిచింది. కాసేపు ఏం చెయ్యలేదు. తర్వాత నాలిక చాపి ఒకసారి నాకింది, ఉప్పు కోసమే అనుకుంటా. మళ్ళీ నాకింది. వీపు అయిపోయాక మెడ, మెడ అయ్యాక చెవులు, అక్కడ ఉప్పేమీ లేదు. నాకిన ఊపుకి వాడు తూలి పడబోతే మూతితో నిలబెట్టింది. అత్తగారు వాణ్ణి మెల్లగా వెనక్కి నెట్టి చన్ను నోటికి అందించారు. రెండుసార్లు వదిలేశాడు. మూడోసారి పట్టుకుని తలతో పొదుగుని కుమ్మాడు. కాసేపటికి వాడి నోటి చివర్లలో తెల్లటి నురగ కనబడింది, తోక ఊగడం మొదలైంది. "చేపింది" అన్నారు అత్తగారు, గట్టిగా అంటే ఆగిపోతుందేమో అన్నట్టు. బాబాయ్ కండువాతో కళ్ళు తుడుచుకుని బిందె తెచ్చుకున్నారు. రెండు చన్నులు బిందెకి, రెండు చిన్నోడికి. ఆ ఈతంతా అదే ఒప్పందం నడిచింది.

ఇది చూసినప్పటి నుంచి షెడ్లవాళ్ళ మీద నాకు కోపం ఇంకా పెరిగింది. దూడని చేతులారా చంపుకుంటారు, తల్లి చేపడం లేదని దానికి రోజుకి రెండుసార్లు ఆక్సిటోసిన్ అనే పాలు దించే ఇంజక్షన్ పొడుస్తారు. పాల కోసం పశువు ఆరోగ్యం చెడేలా ఇంజక్షన్ పొడవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం. మరి ఎవరిని పట్టుకున్నారు? నాకు తెలిసి ఒక్కరు కూడా లేరు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద ఆడ గేదెలు 10 కోట్ల పైచిలుకు ఉంటే మగవి కోటి కూడా లేవు. పుట్టేటప్పుడు ఇవీ అవీ ఇంచుమించు సమానంగానే పుడతాయి. మిగతావన్నీ ఎక్కడికి పోయాయో ఎవరూ అడగరు. కాఫీ తాగే ప్రతి ఇంటికీ ఇందులో వాటా ఉంది, మా ఇంటికీ ఉంది.

ఇంకో బాధ చెప్పాలి. మీ ఎద్దుకి నిలువ నీడ కావాలంటే ఏ గోశాలనైనా అడగగలిగేవారు. చిన్నోణ్ణి తెచ్చిన కొత్తలో, నావల్ల కాదేమో అనుకున్న రోజున నేనూ ఒక గోశాలకి ఫోన్ చేశాను. "గేదెజాతిని తీసుకోమమ్మా" అన్నారు. మనం తాగేవి చాలావరకు గేదె పాలే, పూజ మాత్రం ఆవుకి. దున్నపోతుకి యముడి వాహనమన్న పేరు, జాతరలో కత్తి, అంతే మిగిలాయి.

చిన్నోడు పెద్దయ్యాక కూడా మాకు చిన్నోడే. ఆసుపత్రిలో విత్తులు నొక్కించాక ఇంకా నెమ్మదస్తుడయ్యాడు. కోతలయ్యాక చేలో చల్లిన పిల్లిపెసర అంటే ప్రాణం. చలనం లేని మనిషిని "దున్నపోతు మీద వాన కురిసినట్టు" అంటారు కదా, ఆ మాట అన్నవాళ్ళు ఒక్కసారైనా దున్నని వానలో చూసి ఉంటే అనరు. గేదెజాతికి చెమట గ్రంథులు బాగా తక్కువ, తోలు నలుపు, ఎండకి ఉడికిపోతాయి. అందుకే చెరువులో దిగి లేవవు. మొదటి వాన పడితే మా వాడు పాకలోంచి బయటికొచ్చి, మూతి పైకెత్తి, చెవులు వదిలేసి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. లోపలికి లాగినా వచ్చేవాడు కాదు.

పోయిన ఏడు ఉన్నట్టుండి మేత మానేశాడు, నెమరు లేదు. ముందుకాళ్ళ మోచేతులు బయటికి పెట్టి నిలబడేవాడు, గట్టు దిగేటప్పుడు మూలిగేవాడు. ఛాతీ దగ్గర నీరు దిగి వాపొచ్చింది. 1962 నంబరుకి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వచ్చింది. డాక్టరమ్మ చూసి కడుపులో తీగ ఉండి ఉంటుందన్నారు. ఈ జీవాలు ముందు మింగేసి తర్వాత నెమరు వేస్తాయి కాబట్టి గడ్డిలో తీగ ఉన్నా తెలియదు. అది వెళ్ళి వీటికి ఉండే నాలుగు పొట్టల్లో రెండోదాంట్లో పడుతుంది. ఆ పొట్టకీ గుండెకీ మధ్య ఉండేది పల్చటి పొర. పొట్ట కదిలినప్పుడల్లా తీగ కొంచెం ముందుకి జరుగుతుంది. మొదట్లోనే తెలిస్తే ఆపరేషన్ చేసి తీయొచ్చు, గుండె సంచిలో చీము పట్టాక ఎవరూ ఏమీ చేయలేరు. ఊళ్ళో ప్రతి శ్లాబుకీ ఊచలు కట్టగా మిగిలిన బైండింగ్ వైరు ముక్కల్ని తెచ్చి పశువులు మేసే గట్టు మీదే పోస్తారు. ఇంకెక్కడి నుంచి వస్తుంది వాడి కడుపులోకి?

వాడు పోయిన రోజు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. కళేబరానికి ఎంతో కొంత ఇస్తానని ఒకాయన వచ్చాడు. మా ఆయన ఆయనకి దణ్ణం పెట్టి పంపేశారు. మాది డెల్టా, నాలుగడుగులు తవ్వితే నీరొస్తుంది, అందుకని మెరక మీద, కాలవకి దూరంగా పొక్లెయిన్‌తో లోతుగా తీయించి, ఉప్పు, సున్నం వేసి పూడ్చాం. "పాలిచ్చిందా, దుక్కి దున్నిందా, ఎందుకమ్మా ఈ ఖర్చు" అన్నారు చూడ్డానికి వచ్చినవాళ్ళు. నేను సమాధానం చెప్పేలోపే అత్తగారు లేచి "మా ఇంటి పిల్లాడు" అన్నారు. ఇంకెవరూ మాట్లాడలేదు.

మీకూ ఇంట్లో అలా ఒక్క మనిషి అండగా ఉంటే చాలు. లేకపోతే ఇక్కడ రాయండి, నేను చదువుతాను. నేనైతే ఇప్పుడు ఊళ్ళో ఎవరింటికి శ్లాబు పడినా మర్నాడు వెళ్ళి తీగ ముక్కలు ఏరించి గోనెసంచిలో కట్టించి పాత ఇనుము కొనేవాడికి ఇప్పిస్తున్నాను. ఇద్దరు ముగ్గురు విసుక్కున్నారు. మేస్త్రీ మాత్రం ఇప్పుడు నేను అడక్కుండానే సంచి పక్కన పెట్టిస్తున్నాడు.