అప్పు మీది, జవాబు చెప్పేది నాన్నగారా?

వినుకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో హమాలీగా పనిచేస్తున్న 42 ఏళ్ల పాఠకుడి ప్రశ్న: "మిరపలో నష్టపోయి భార్యాబిడ్డలతో ఇక్కడికి వచ్చేశాను. ఊళ్లో ఉన్న రెండెకరాలను నాన్న నాతో ఒక్క మాటైనా చెప్పకుండా మా బావకు సగం ధరకే కౌలుకు ఇచ్చారు. దీన్ని ఎలా రద్దు చేయించాలి?"

రద్దు చేయించే హక్కు మీకు లేదు. పొలం నాన్నగారు కొనుక్కున్నదేనని, పాసుపుస్తకం ఆయన పేరునే ఉందని మీరే రాశారు. ఆయన ఉండగా దాన్ని ఎవరికి ఇవ్వాలన్నది ఆయన ఇష్టం. పిత్రార్జితమే అయినా, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తరువాత మీ అక్కకూ సమానంగా వాటా ఉండేది. ఈ ప్రశ్నను ఇంతటితో వదిలేయండి.

నన్ను కలవరపెట్టింది మీ ఉత్తరం చివర్లో ఉన్న వాక్యం: "మిర్చి యార్డులోని కొట్టు మనుషులు అప్పుడప్పుడు నాన్న దగ్గరకు వచ్చి అడిగి పోతున్నారు." ఐదెకరాలు కౌలుకు తీసుకుని, పంట తన కొట్టుకే తేవాలన్న షరతు మీద కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడి తెచ్చింది మీరు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు రూ.11,781 ప్రకటించవలసి వచ్చేంతగా మిరప ధర పడిపోవడం మీ తప్పు కాదు, బతుకుతెరువు కోసం ఊరు విడవడమూ తప్పు కాదు. కానీ ఆ కొట్టు ఉన్నది మీరు పనిచేస్తున్న గుంటూరులోనే. అయినా వాళ్లు అంత దూరం వెళ్లి, డెబ్బై దాటిన మనిషిని ఇరుగుపొరుగు చూస్తుండగా నిలదీస్తున్నారంటే, మీ ఆచూకీ వారికి తెలియకుండా మీరు జాగ్రత్తపడుతున్నారనే అనుకోవాలి. సంపాదన మీ వెంట పట్నానికి వచ్చింది, బాకీ మాత్రం నాన్నగారి అరుగు మీద మిగిలింది.

అమ్మగారు పోయాక ఆయనకు రెండు పూటలా అన్నం పెడుతున్నది అక్కేనని ఒక్క ముక్కలో రాసి, బావగారి మీద మాత్రం రెండు పేజీలు రాశారు. తగ్గించిన ఆ కౌలు ఆ అన్నానికి బదులని నాన్నగారు అనుకుని ఉండవచ్చు. ఆరు నెలలుగా ఫోనులో "డబ్బు అందిందా" అని తప్ప మరో మాట మాట్లాడని మీరు, ఆయన తనంతట తాను చెప్పలేదని నొచ్చుకోవడం నాకు న్యాయంగా తోచడం లేదు. కన్నతండ్రి నలుగురిలో తల దించుకోవలసిన పరిస్థితి రాకుండా చూడడం, డబ్బు పంపడం కన్నా ముందు చేయవలసిన పని అని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు ఆ కొట్టుకు మీరే వెళ్లండి. అసలెంతో వడ్డీ ఎంతో కాగితం మీద రాయించుకుని, నెలకు ఎంత కట్టగలరో ఒప్పుకుని, కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. ఇకపై ఏదైనా మిమ్మల్నే అడగమని ఫోను నంబరు ఇచ్చి రండి. తరువాత ఊరికి వెళ్లి ఆ సంగతి నాన్నగారి ఎదుట కూర్చుని చెప్పండి. బావగారి కౌలు కార్డు మీద సంతకం పెట్టవద్దని ఆయనకు చెప్పారట, ఆ మాటా వెనక్కి తీసుకోండి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ పత్రం 11 నెలలకే, దానివల్ల యాజమాన్యానికి భంగం ఉండదు. అది చేతిలో లేకపోతే బ్యాంకులో పంట రుణం అడిగే దారి దాదాపు మూసుకుపోయి, బావగారు కూడా మీరు వెళ్లిన కొట్టుకే వెళ్లవలసి వస్తుంది.