వాళ్ళ దేశం జెండా కడితే వాడికి కోపమేంటండీ?

ప్రశ్న: మావాడు టెక్సస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. మొన్న కాలేజీలో అన్ని దేశాల పండగ అని చేస్తే, అలంకరణ పని వీడి మీద పడింది. ఆన్‌లైన్‌లో జెండాల తోరణం తెప్పించి కట్టాడు. అందులో ఎర్రగుడ్డ మీద పసుపు నక్షత్రమున్న వియత్నాం జెండా చూసి వీడి రూమ్మేటు ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడట. ఆ కుర్రాడిదీ వియత్నాం కుటుంబమే! వారం నుంచి మాటల్లేవు. మా నాన్నగారికి వియత్నాం కమ్యూనిస్టు నాయకుడు హోచిమిన్ అంటే ప్రాణం, మా తమ్ముడికి ఆ పేరే పెట్టారు. సముదాయిద్దామని మావాడు ఆ సంగతి కూడా చెప్పాడట. తప్పెవరిది?
– ఓ తండ్రి, అమలాపురం

జవాబు: అయ్యో, ఆ చివరి మాట చెప్పకుండా ఉండాల్సిందండీ!

మన కోనసీమలో వియత్నాం అంటే రొయ్యల రేటు పడిపోయినప్పుడు తిట్టుకునే దేశం, లేదంటే మీ నాన్నగారి తరానికి అమెరికాని ఓడించిన దేశం. ఆ కుర్రాడి ఇంట్లో కథ వేరేగా ఉంటుంది. అప్పట్లో వియత్నాం ఉత్తరం, దక్షిణం అని రెండుగా ఉండేది. 1975 ఏప్రిల్ 30న దక్షిణాది రాజధాని సైగాన్, కమ్యూనిస్టుల ఉత్తరాది సైన్యం చేతికి చిక్కింది. దక్షిణ వియత్నాందేమో పసుపు గుడ్డ మీద మూడు ఎర్ర గీతలున్న జెండా, 1948 నుంచీ ఉన్నది, ఆ రోజుతో అక్కడ దిగిపోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో పడవలెక్కి పారిపోయి వేరే దేశాల ఒడ్డుకి చేరినవాళ్ళే దాదాపు 8 లక్షల మంది, దారిలో సముద్రంలో పోయినవాళ్ళు కాక. మీవాడు కట్టింది వాళ్ళు ఎవరి నుంచి పారిపోయారో వాళ్ళ జెండా.

యానాంలో మా నాన్నగారి స్నేహితుడొకాయన ఉండేవారు, సైగాన్‌లో కొన్నేళ్ళు కొట్టు నడిపి అన్నీ వదిలేసి వచ్చినాయన. ఆయన ట్రంకుపెట్టెలో సైగాన్ నోట్ల కట్టలుండేవి. 1975 సెప్టెంబరులో కొత్త ప్రభుత్వం పాతవి 500 ఇస్తే కొత్తది 1 ఇచ్చిందట, అదీ ఇంటికింత అని లెక్కకట్టి. మిగిలినవి మా పిల్లలకిచ్చేస్తే అరుగు మీద వాటితో కిరాణా కొట్టు ఆట ఆడేవాళ్ళం. ఓసారి నేనొక నోటుతో పడవ చేశాను. ఆయన ఏమీ అనలేదు గానీ, దాన్ని తీసుకుని మడత విప్పి, మోకాలి మీద పెట్టి అరచేత్తో రుద్ది రుద్ది సాపు చేసి మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నారు. యానాంలోనూ 1954లో ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎక్కింది, కానీ ఊళ్ళో జనం ఊళ్ళోనే ఉన్నారు కదా.

ఈ గొడవ మీవాడితో మొదలైంది కాదు. 1999లో కాలిఫోర్నియాలో వెస్ట్‌మిన్‌స్టర్ అనే ఊళ్ళో ఒక వీడియో షాపాయన ఇదే ఎర్రజెండా, హోచిమిన్ ఫొటో పెడితే, 50 రోజులకి పైగా షాపు ముందు అలా పారిపోయి వచ్చిన వియత్నాం జనం నిరసన, ఒక్కోరోజు వేలల్లో. పెట్టుకునే హక్కు ఆయనకుందని కోర్టు చెప్పినా వాళ్ళు ఊరుకోలేదు. టెక్సస్‌లోనే ఆర్లింగ్టన్ యూనివర్సిటీలో 2006లో అన్ని దేశాల జెండాల మధ్య దీన్ని పెట్టారని గొడవైతే, చివరికి మొత్తం జెండాలన్నీ దింపేశారు, ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు. నన్నడిగితే పక్కన పసుపు జెండా కూడా పెట్టి, కింద రెండు ముక్కలు రాస్తే పోయేది. ఇప్పుడు వియత్నాం నుంచి చదువుకోడానికొచ్చే పిల్లలకి ఎర్రదే జెండా, పుట్టినప్పటి నుంచీ చూసింది అదే, వాళ్ళనీ తప్పుపట్టలేం. ఐక్యరాజ్యసమితిలో ఎగిరేదీ అదే.

కాబట్టి మీవాడు చేసింది తప్పని నేననను, తెలియక చేశాడు. అలాగని ‘అఫీషియల్ జెండా ఇదే కదా బ్రో’ అని వాదన పెట్టుకోవద్దనండి, గెలిచినా రూమ్మేటు మిగలడు. ‘మీవాళ్ళు ఎప్పుడొచ్చారు, ఎలా వచ్చారు’ అని అడిగి, చెబితే మధ్యలో మాట్లాడకుండా వినమనండి. చెప్పకపోతే వదిలేయమనండి.

మీ తమ్ముడి పేరు మార్చుకోనక్కర్లేదు లెండి. మీవాడి ఫోన్లో మాత్రం ‘హోచిమిన్ బాబాయ్’ అని ఉంటే, ఉత్త ‘బాబాయ్’ అని సేవ్ చేసుకోమనండి. ఒకే గదిలో ఉంటున్నారు, ఫోన్ మోగితే ఇద్దరికీ కనపడుతుంది.