ఐక్యూ 112, ఒక తెగిన చెప్పు

ప్రశ్న: మాది గాజువాక. మా బాబు ఈ ఏడాదే టెన్త్ పాసయ్యాడు. ఒక సెంటర్‌లో ఐక్యూ టెస్టు చేయిస్తే 112 వచ్చింది. ఐఐటీ కోచింగ్‌కు ఇది చాలదన్నారు. వాడేమో ఎప్పుడూ పాత సామాన్లు విప్పుతూ కూర్చుంటాడు. మేడ మీద ట్యాంకు నిండగానే మోగేలా పాత బెల్లుతో ఒకటి తయారుచేశాడు. ఫొటో పంపుతున్నాను. వాళ్ల నాన్నగారికి ఒకటే టెన్షన్. ఏం చదివించాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ ఫొటో సంగతి. నీళ్లతో పాటు పైకి లేచి రెండు తీగలనూ కలపడానికి తెగిన హవాయి చెప్పులోంచి ముక్క కోసి పెట్టాడు చూశారా, నేను అక్కడే ఆగిపోయాను. ఆర్కే బీచ్‌లో అలల మీద తేలే చెప్పులు మనమూ చూస్తాం. వాడికి అందులో పనికొచ్చే వస్తువు కనబడింది.

గిల్‌ఫర్డ్ అనే అమెరికన్ సైకాలజిస్టు సరిగ్గా దీని గురించే మాట్లాడారు. తెలివితేటల పరీక్షలు ఒకే సరైన జవాబు అడుగుతాయి, సృజన వాటికి పెద్దగా అందదని 1950లో గట్టిగా చెప్పారు. ఇటుకతో గోడ కట్టడం కాక ఇంకేం చేయొచ్చో చెప్పమనే తరహా పరీక్షలు ఆయన పేరుతోనే ప్రసిద్ధి. మీవాడు చెప్పుతో ఆ పరీక్ష రాసేశాడు.

ఇక 112. సగటు 100 కాబట్టి, మీవాడు తన ఈడు పిల్లల్లో నూటికి దాదాపు 80 మంది కంటే ముందున్నాడు. ఇంకో రోజు రాస్తే నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ కావచ్చు. ఇందులో దిగులు పడేదేముంది? 1921లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో టెర్మన్ అనే సైకాలజిస్టు ఐక్యూ చూసి సుమారు 1500 మంది పిల్లల్ని ఏరి, ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో ఎవరికీ నోబెల్ రాలేదు. ఐక్యూ చాలక ఆ వడపోతలో పోయిన పిల్లల్లో షాక్లీకి 1956లో, అల్వారెజ్‌కు 1968లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. అలాగని మార్కులు అక్కర్లేదని నేననను. మన ఊరి ఉప్పుగాలికి ఆ రాగి తీగలకు త్వరలోనే చిలుము పడుతుంది, బెల్ మోగడం మానేస్తుంది. అప్పుడు వాడికి కెమిస్ట్రీ కావాలి. ఆలోచన తట్టడం సగం పనే.

అందుకే ఎంపీసీలో చేర్చండి. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు పెట్టే చోట మాత్రం వద్దు. రోజుకు గంటైనా ఆ సామాన్ల దగ్గర కూర్చోనివ్వాలి. ఎంపీసీ అయితే ఇంజినీరింగ్‌తో పాటు నాటా అనే ప్రవేశ పరీక్ష రాసి, భవనాల డిజైన్ నేర్పే బీఆర్క్‌కూ వెళ్లొచ్చు. బీఆర్క్ మన ఆంధ్రా యూనివర్సిటీలోనే ఉంది. డిజైన్ కోర్సులకు పెట్టే యూసీడ్, ఎన్‌ఐడీ ప్రవేశ పరీక్షలు ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు. వాటిలో బొమ్మ గీసి ఆలోచన చూపించాలి కనుక, ఇప్పటి నుంచే చేసే ప్రతి వస్తువునూ నోటుబుక్కులో గీయమనండి. చెప్పు ముక్కకు ముందు ఏమేం పెట్టి చూశాడో, అవెందుకు పనిచేయలేదో కూడా రాయమనండి.

వాళ్ల నాన్నగారిని ఒకసారి వాడితో పాటు మేడెక్కి చూడమనండి. ఆ బెల్ బ్యాటరీతో నడిచేదేనా? ప్లగ్గుదైతే ఇవాళే విప్పించేయండి.