పాలసీ మెమో రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

తెలంగాణ పిల్లల పోషకాహారం మీద నువ్వు రాసిన మెమో చదివాను. ఎంఏ పబ్లిక్ పాలసీ మొదటి సెమిస్టర్‌లో అందరూ చేసే పనే నువ్వూ చేశావు, మార్కులు వేసే మాస్టారిని దృష్టిలో పెట్టుకుని రాశావు. అందుకే ఆరు పేజీల్లో నాలుగు సిద్ధాంతాలకే పోయాయి. ఫైలు మీద సంతకం పెట్టాల్సిన అధికారి ఎవరో తేల్చుకుంటే అవి వాటంతటవే రాలిపోతాయి.

"ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి" అన్నావు. ప్రభుత్వంలో ఎవరు? అంగన్‌వాడీ టీచర్ పైన సూపర్‌వైజర్, ఆపైన సీడీపీవో (కొన్ని మండలాల అంగన్‌వాడీలను ఒక ప్రాజెక్టుగా చూసే శిశు అభివృద్ధి అధికారి), జిల్లా సంక్షేమాధికారి, డైరెక్టర్, సెక్రటరీ ఉంటారు. సరుకు ఎందుకు ఆలస్యమైందో సీడీపీవో విచారించగలరు గానీ మెనూలో అదనంగా ఒక గుడ్డు చేర్చలేరు. సెక్రటరీ ఆ ప్రతిపాదన పెట్టగలరు, దానికీ ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. ఎవరికి రాస్తున్నావో, వాళ్లను ఏం చేయమంటున్నావో మొదటి వాక్యంలోనే చెప్పేయి. మెమో రెండు పేజీలు దాటనివ్వకు.

ఇక అంకెలు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు తెలంగాణలో 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో (నాలుగో విడత) సుమారు 28 శాతం, తర్వాతి సర్వేలో 33.1 శాతం. ఇంతవరకు సరే. ఈ పెరుగుదలకు కారణం కరోనా అని రాశావే, అది నిలవదు. ఆ తర్వాతి సర్వే, అంటే ఐదో విడత, పేరు 2019-21 అయినా, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మొదటి దశలోనే అయిపోయాయి. ఇక్కడ పిల్లల ఎత్తు కొలిచింది 2019లో, లాక్‌డౌన్‌కు ముందు. పేరులోని సంవత్సరాలు చూసి ఆగిపోకుండా మీ రాష్ట్రంలో సిబ్బంది ఇంటింటికీ తిరిగిన నెలలు చూడు. ఆ వివరం రాష్ట్ర నివేదిక తొలి పేజీల్లోనే ఉంటుంది.

జిల్లాల విషయం ఇంకా మోసం చేస్తుంది. నాలుగో విడతలో తెలంగాణకు 10 జిల్లాలు, ఐదో విడతలో 31. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి "ఈ జిల్లాలో పెరిగింది" అంటే అది వేరే సరిహద్దులతో పోల్చడమే. ములుగు, నారాయణపేట 2019 ఫిబ్రవరిలో ఏర్పడ్డాయి, సర్వే మాత్రం 2017 మార్చి నాటి జిల్లాలనే పట్టుకుంది. కాబట్టి నువ్వు ములుగుదని రాసిన అంకె నిజానికి పాత జయశంకర్ భూపాలపల్లిది. ఆంధ్రప్రదేశ్‌కు రెండు విడతల్లోనూ 13 జిల్లాలే గనక అక్కడ పోల్చవచ్చు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త జిల్లాలకు మాత్రం ఆ అంకెలు అంటగట్టకు. పోషణ్ ట్రాకర్ (అంగన్‌వాడీ టీచర్లు వివరాలు నింపే ఫోన్ యాప్) అంకెలు తాజాగా ఉంటాయని వాటిని వాడాలనిపిస్తుంది. అవి అంగన్‌వాడీల్లో నమోదైన పిల్లలవి, సర్వేవి నమూనా ఇళ్లలోని పిల్లలవి. రెంటినీ ఒకే గ్రాఫులో గీస్తే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

అంగన్‌వాడీల్లో గుడ్డు మొదలుపెట్టాలని సిఫార్సు చేశావు. ఆరోగ్యలక్ష్మి అనే రాష్ట్ర పోషకాహార పథకం కింద 2015 నుంచే ఇస్తున్నారమ్మా! ఉన్న ఉత్తర్వులు చదవకుండా సిఫార్సు రాస్తే జరిగేది ఇదే. అడగాల్సింది వేరే ఉంది. ఎత్తు ఎదగకపోవడం చాలావరకు గర్భంలోనూ తొలి రెండేళ్లలోనూ జరిగిపోతుంది. అంగన్‌వాడీ కేంద్రంలో వేడి అన్నం తినేది మూడేళ్లు దాటిన పిల్లలు. అంతకన్నా చిన్నవాళ్లకు బాలామృతం అనే పోషకాహార పొడి పొట్లాలు ఇంటికి వెళతాయి, అక్కడ అవి ఇంట్లో అందరూ పంచుకుని తినే తిండి అయిపోవచ్చు. నీ మెమో ఈ వయసు మీద నిలబడితే బలం వస్తుంది.

డబ్బు లెక్క లేకుండా ఏ ప్రతిపాదనా కదలదు. రాష్ట్ర బడ్జెట్‌లో పోషకాహారానికి మేజర్ హెడ్ (ప్రధాన పద్దు సంఖ్య) 2236. అంగన్‌వాడీ సేవల ఖర్చు 2235లో, శిశు సంక్షేమం కింద వెతకాలి. ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు మూడూ వేర్వేరు. 2024-25 బడ్జెట్ పుస్తకంలో దొరికే వాస్తవ ఖర్చు 2022-23ది. కేటాయింపును ఖర్చుగా రాస్తే ఆర్థిక శాఖలో ఎవరూ రెండో పేజీ తిప్పరు. అనుబంధ పోషకాహారం (అంగన్‌వాడీల్లో ఇచ్చే తిండి) ఖర్చును కేంద్ర ప్రభుత్వం, మన రాష్ట్రాలు చెరిసగం భరిస్తాయి, అయితే అది ప్రమాణం, అంటే తలా ఇంత అని నిర్ణయించిన ఖర్చు మేరకే. 2017లో సవరించిన ప్రమాణం ప్రకారం ఒక బిడ్డకు రోజుకు 8 రూపాయలు (తర్వాత మారిందేమో చూసుకో). అదనపు గుడ్డు 6 రూపాయలనుకుంటే, ఏడాదికి 300 రోజులు, లక్షమంది పిల్లలకు 18 కోట్లు. ప్రమాణం దాటిన ప్రతి పైసా రాష్ట్రానిదే. ఆ మాట నువ్వే ముందు రాసెయ్యి, అవతలివాళ్లు పట్టుకునేదాకా ఆగకు.

సరుకు నిజంగా చేరుతోందా అన్నది సమాచార హక్కు దరఖాస్తుతో తెలుసుకోవచ్చు. "ఎందుకు ఆలస్యమైంది" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే చట్టం కింద వచ్చేది రికార్డే. "ఫలానా ప్రాజెక్టులో ఫలానా మూడు నెలల స్టాకు రిజిస్టర్ నకళ్లు" అని అడుగు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజుల గడువు, రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. అంటే సెమిస్టర్ మొదటి వారంలో వేయకపోతే సబ్మిషన్ నాటికి నీ చేతిలో కాగితం ఉండదు. ఈలోగా రెండు మూడు అంగన్‌వాడీ కేంద్రాలకు వెళ్లు. సరుకు దిగే రోజేదో ముందే కనుక్కుని, ఆ రోజూ, నెలాఖరునా వెళ్లు. టీచరమ్మ పనికి అడ్డుపడకు, మధ్యాహ్నం పిల్లలు వెళ్లాక మాట్లాడు.

సిఫార్సులు తొమ్మిది ఉన్నాయి. రెండు ఉంచు. మూడోదిగా "ఏమీ మార్చకపోతే ఎంత ఖర్చు, ఏం జరుగుతుంది" అన్నది రాయి, అధికారి మొదట చూసేది అదే. నీ ప్రతిపాదనకు ఎవరు అడ్డుచెబుతారో కూడా ఒక పేరాలో పెట్టు: సరఫరా కాంట్రాక్టర్లా, పనిభారం పెరుగుతుందనే టీచర్ల సంఘమా, ఆర్థిక శాఖా. టీచర్ల అభ్యంతరం చాలాసార్లు న్యాయమైనదే. ఇప్పటికే రిజిస్టర్లూ ఫోన్ యాప్ రెండూ నింపుతున్నారు.

తిరగరాసి పంపు. ఖర్చు లెక్క వేసిన ఎక్సెల్ షీటు కూడా జతచెయ్యి, ఫార్ములాలు చెరపకుండా. గుడ్డు ధర మార్చి చూస్తాను.

ఆశీస్సులతో