‘పాత ఫొటోలో ఎవరో వేరే మనిషిలా ఉన్నాను’.. ఇది వయసు వల్లేనా?

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. మాది తాడిపత్రి దగ్గర పల్లె. టీచరుగా రిటైరై రెండేళ్లయింది. క్లాసులో గొంతెత్తి పాఠం చెప్పినవాణ్ని, ఎనిమిది నెలలుగా నలుగురిలో నోరు విప్పబుద్ధి కావట్లేదు. పాత ఫొటో చూసుకుంటే ఎవరో వేరే మనిషిలా ఉన్నాను. వయసుతో స్వభావం ఇంతగా మారుతుందా? పదేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. నిద్ర పట్టక మందుల షాపులో అడిగి అల్ప్రజోలం తెచ్చుకుని రోజూ వేసుకుంటున్నాను.

జవాబు: మీరు అడిగింది స్వభావం గురించి. నన్ను కంగారు పెట్టింది మాత్రం మీరు చివర్లో రాసిన మాట.

మనిషి మారడం సహజమే. 18 నుంచి 68 ఏళ్ల వాళ్లు 19 వేల మందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనం 2013లో వచ్చింది. గత పదేళ్లలో చాలా మారామని ఒప్పుకున్నవాళ్లే, రాబోయే పదేళ్లలో పెద్దగా మారబోమన్నారు. అయితే ఆ మార్పు ఏళ్ల తరబడి నెమ్మదిగా వచ్చేది. ఎనిమిది నెలల్లో వచ్చినదాన్ని వయసు ఖాతాలో వేసి ఊరుకోకూడదు. డిప్రెషన్ కావచ్చు, థైరాయిడ్ తగ్గి ఉండొచ్చు. మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడితే కొందరికి విటమిన్ బీ12 తగ్గుతుంది. ఈమధ్య పడిపోయి తలకు దెబ్బ తగిలిందా? మిమ్మల్ని చూడకుండా ఫలానా జబ్బని చెప్పలేను.

ఇక ఆ మాత్ర. మా ఓపీలో చాలామంది జేబులోంచి కత్తెరతో కత్తిరించిన రెండు మాత్రల ముక్క తీస్తారు. దాని మీద పేరుండదు, ఎక్స్‌పైరీ తేదీ ఉండదు. ‘నిద్ర బిళ్ల సార్’ అంటారు. అల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరాలు షాపువాళ్లు రిజిస్టరులో రాయాలి. రోజూ వేసుకుంటే అలవాటైపోతుంది. మీ వయసులో మతిమరుపు, మందకొడితనం, తూలి పడటం ఎక్కువ. మీరు ‘స్వభావం’ అంటున్న దాంట్లో కొంత ఈ మాత్ర పనే కావచ్చు. పిల్లలకు మంచీచెడూ చెప్పిన మీరే ఇలా చేస్తే ఎలా మాస్టారూ?

అలాగని రేపటి నుంచి ఒక్కసారిగా మానేయకండి. ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఈ వారంలోనే అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రిలోనో, మీకు దగ్గర్లోనో సైకియాట్రిస్టును కలవండి. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా వారం ఆగొద్దు. వెంటనే ఇంట్లో చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు, ఉచితం.

వెళ్లేటప్పుడు మిగిలిన మాత్రలు, షుగరు రిపోర్టులు తీసుకెళ్లండి. ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంటబెట్టుకోండి. మీలో మార్పు ఎప్పుడు మొదలైందో, మాత్రకు ముందా తరవాతా అన్నది డాక్టరు వాళ్లనే అడుగుతారు.