ఎక్స్‌5 ఎం కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి వంశీకి,
మావయ్య ఆశీస్సులు.

నువ్వు 2016 మోడల్ బీఎండబ్ల్యూ ఎక్స్‌5 ఎం బేరమాడుతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ కాసేపు మురిసిపోయింది, కాసేపు గొంతు బొంగురుపోయింది. వేసవి సెలవులకి వచ్చినప్పుడు షెడ్డులో స్పానర్లన్నీ సైజు ప్రకారం పేర్చి, 10వ నంబరు కనబడకపోతే అన్నానికి కూడా రాకుండా బల్లకింద వెతికిన పిల్లాడివి నువ్వు. ఆ పిల్లాడు సొంత సంపాదనతో ఇలాంటి బండి కొంటున్నాడంటే నాకు ఎంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను. భయం కూడా అంతే ఉంది. ఎందుకో రాస్తాను, చివరిదాకా చదువు.

బండి మంచిదా కాదా అని నన్ను అడిగితే, మంచిదే. 4.4 లీటర్ల వీ8, రెండు టర్బోలు, 575 గుర్రాల శక్తి, 750 ఎన్‌ఎం టార్క్ (చక్రాలని తిప్పే బలం). నిలబడ్డ చోటు నుంచి 100 దాకా 4.2 సెకన్లు. కానీ దాని బరువు 2,300 కిలోలు పైనే. అంత బరువుని అంత వేగంగా పరిగెత్తించేదీ, మలుపులో పట్టుకునేదీ, ఆపేదీ నేలని ఆనుకుని ఉండే నాలుగు అరచేతులంత రబ్బరే. నా భయమంతా అక్కడే.

డబ్బు సంగతి ముందు తేల్చుకో. కొత్తప్పుడు కోటి దాటిన బండి ఇప్పుడు అందులో మూడో వంతుకి వస్తోందని సంబరపడుతున్నావు. ధర పడింది బండికే, పార్టులకి పడలేదు. డిస్కు కొన్నా, టర్బో కొన్నా, ఇంజెక్టరు కొన్నా కోటి రూపాయల బండి పార్టుకి ఎంత ఇవ్వాలో అంతే ఇవ్వాలి. ఊళ్లో లీటరుకి 5 కిలోమీటర్లు ఇస్తే గొప్ప. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగావంటే 2,000 లీటర్లు, అదీ 95 ఆక్టేన్‌కి తగ్గని ప్రీమియం పెట్రోలు. బేరం కుదిరిన ధరలో కనీసం ఐదో వంతు బ్యాంకులో విడిగా ఉంటేనే అడుగు ముందుకెయ్యి. ఆ డబ్బు లేకపోతే కొనొద్దు, ఈ ఒక్క మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను.

కాగితాలు నీకు నేను చెప్పక్కర్లేదు: బండి మీద అప్పుంటే అది తీరినట్టు ఫారం 35, పక్క రాష్ట్రం బండయితే అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీ, నీ పేరు మీదికి బదిలీకి 29, 30. ఢిల్లీ బండో, పుదుచ్చేరి బండో చవగ్గా వస్తోందంటే తెలంగాణలో కట్టాల్సిన లైఫ్ టాక్స్ కూడా కలిపి లెక్కేసుకో. ఇన్సూరెన్సు నీ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోపు కంపెనీకి రాయాలి, అశ్రద్ధ చెయ్యకు.

చూడటానికి వెళ్లేటప్పుడు ఇంజన్ చల్లగా ఉంచమని ముందే చెప్పు. నువ్వు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఆ రోజుకి తిరిగి వచ్చెయ్యి. చల్లటి స్టార్టింగ్‌లో వచ్చే శబ్దాలు, పొగ వేడెక్కాక దాక్కుంటాయి. స్టార్ట్ చేశాక పూర్తిగా వేడెక్కనిచ్చి, 10 నిమిషాలు ఐడిల్‌లో వదిలెయ్యి. తర్వాత నువ్వు వెనక నిలబడి, ఇంకొకరిని యాక్సిలరేటర్ తొక్కమను. నీలం రంగు పొగ గుప్పున వస్తే, సిలిండర్లలోకి ఆయిల్ జారకుండా ఆపే వాల్వ్ సీళ్లు గట్టిపడినట్టే. ఈ ఇంజన్‌లో సిలిండర్లు రెండు వరసలుగా 'వీ' ఆకారంలో ఉంటాయి, టర్బోలు రెండూ ఆ 'వీ' మధ్యలో కూర్చుంటాయి, ఆ వేడి పైకి పోయే దారిలేక చుట్టూ ఉన్న రబ్బరుని, ప్లాస్టిక్‌ని కాలుస్తూ ఉంటుంది. టర్బోలకి వెళ్లే కూలెంట్ పైపుల కీళ్ల దగ్గర కూడా తడి, తెల్లటి మరక ఉన్నాయేమో టార్చి వేసి చూడు.

ఆయిల్ 8,000 కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు మార్చిందా అన్నది బిల్లుల్లో చూడు. బండి పేరులో ఎం ఉంటే 10డబ్ల్యూ-60 అనే చిక్కటి గ్రేడు ఆయిలే పోయాలని ఎవరైనా అంటే నమ్మకు. అది టర్బోలు లేని పాత ఎం ఇంజన్ల సంగతి, దీనికి మాన్యువల్లో ఉన్న గ్రేడే. గేర్‌బాక్స్ 8 స్పీడ్ల జెడ్‌ఎఫ్. జీవితాంతం ఆయిల్ మార్చక్కర్లేదని షోరూముల్లో చెబుతారు. ఆ గేర్‌బాక్స్ చేసిన జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మార్చేటప్పుడు ఫిల్టరు కలిసి ఉన్న అడుగు పళ్లెం కూడా మార్చాలి. ఆయిల్ మట్టాన్ని, ఆ ఆయిల్ వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే, ఇంజన్ నడుస్తుండగా చూడాలి. ఈ లెక్క తెలియని చోట ఆ పని చేయించకు.

ఇప్పుడు అసలు సంగతి. మన రోడ్ల మీద తరతరాలుగా వస్తున్న ఒక పాత అలవాటు ఉంది. ఒక టైరు పోతే ఒకటే మారుస్తాం. రెండు అరిగితే రెండే వేస్తాం. స్టెప్నీ ఎక్కించి నెలలు తిప్పుతాం. అంబాసిడర్ రోజుల్లో అందులో తప్పేం లేదు. ఇంజన్ శక్తి వెనక చక్రాలకి మాత్రమే వెళ్లేది, ముందు చక్రాలు వాటి పాటికవి తిరిగేవి. ముందు వెనకల మధ్య లంకె లేదు కాబట్టి కొలత తేడా వస్తే అడిగేవాడు లేడు. ఆ అలవాటునే తీసుకొచ్చి, శక్తి నాలుగు చక్రాలకీ వెళ్లే నీ బండి లాంటి నాలుగు చక్రాల డ్రైవ్ బండి మీద పెడితే, లక్షల ఖరీదు చేసే భాగం ఒకటి చప్పుడు చెయ్యకుండా చచ్చిపోతుంది. దాని పేరు ట్రాన్స్‌ఫర్ కేస్.

గేర్‌బాక్స్ వెనక ఉండే ఆ పెట్టెలో పలుచటి ప్లేట్లు దొంతరగా ఉంటాయి. ఒక చిన్న మోటారు వాటిని ఒత్తుతూ, వదులుతూ ముందు చక్రాలకి ఎంత శక్తి వెళ్లాలో క్షణక్షణం సర్దుతుంది. నాలుగు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతుంటే ఆ ప్లేట్లకి పెద్ద శ్రమ లేదు. ముందు వెనకల మధ్య వేగం తేడా వస్తే మాత్రం ప్లేట్లు ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ పోవాలి, ఇంకో దారి లేదు.

ఈ బండికి ముందు 285/40 ఆర్20, వెనక 325/35 ఆర్20. సైజులే వేరు కదా, ఇంక తేడా వస్తే ఏంటని టైరు షాపువాళ్లు అంటారు. లెక్క వేసి చూడు. ముందు టైరు పక్క గోడ ఎత్తు వెడల్పు 285లో 40 శాతం, అంటే 114 మిల్లీమీటర్లు. రెండు వైపులా 228. 20 అంగుళాల రిమ్ము 508 కలిపితే 736. వెనకది 325లో 35 శాతం 113.75, రెండు వైపులా 227.5, మొత్తం 735.5. వెడల్పు 40 మిల్లీమీటర్లు తేడా పెట్టి, ఎత్తులో అర మిల్లీమీటరుకి మించి తేడా రానివ్వలేదు కంపెనీవాళ్లు. అంత జాగ్రత్త ఊరికే పడతారా?

ఇంజన్ బలానికి వెనక టైర్లు త్వరగా అరుగుతాయి. వెనక రెండూ కొత్తవి వేసి, 4 మిల్లీమీటర్లు అరిగిన ముందువి అలాగే ఉంచారనుకో. ముందు టైరు వ్యాసం 8 మిల్లీమీటర్లు తగ్గి 728 అవుతుంది. వెనకది కిలోమీటరుకి సుమారు 433 చుట్లు తిరిగితే, ముందుది 437 తిరుగుతుంది. కిలోమీటరుకి నాలుగైదు చుట్లే కదా అనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చేసరికి అవి పన్నెండు వందలు దాటతాయి. చక్రం ఒక చుట్టు తిరిగితే లోపలి షాఫ్టు మూడు చుట్ల దాకా తిరుగుతుంది కాబట్టి ప్లేట్ల దగ్గర తేడా దానికి మూడింతలు. బండి సూటిగా పోతున్నా సరే, ప్లేట్లు దారి పొడవునా రాసుకుంటూనే ఉంటాయి. ఆయిల్ మాడి నల్లబడుతుంది, ప్లేట్లు నునుపెక్కి పట్టు తప్పుతాయి, వాటిని సర్దలేక మోటారు గేరు పళ్లు అరిగిపోతాయి.

దీని గుర్తులు బాగా పట్టుకో. 40 నుంచి 60 వేగంలో మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తే రోడ్డు మీద గీతల స్పీడ్ బ్రేకర్ల మీద వెళ్తున్నట్టు దడదడమంటుంది. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు ఉంటుంది. ఈ దడని ఇంజన్ మిస్‌ఫైర్ అనుకుని ప్లగ్గులు, కాయిళ్లు మారుస్తారు, అవి అయ్యాక గేర్‌బాక్స్ మీద పడతారు. డబ్బు పోతుంది, దడ మాత్రం పోదు. మొదట టైర్లు ఒకే కొలతకి తేవాలి. తర్వాత ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ మార్చాలి, లీటరు కూడా పట్టదు. ఆ తర్వాత కంప్యూటర్‌తో దాని అడాప్టేషన్ రీసెట్ చెయ్యాలి, అంటే అది అలవాటు పడిన పాత లెక్క చెరిపెయ్యాలి. తొలి దశలో ఉంటే ఇంతటితో సర్దుకోవచ్చు, ముదిరితే పెట్టె మార్చడమే.

అందుకే చూడటానికి వెళ్లేటప్పుడు నీ జేబులో ఒక సుద్దముక్క, టైరు గాడి లోతు కొలిచే ట్రెడ్ గేజి, 5 మీటర్ల టేపు ఉండాలి. మొదట నాలుగు టైర్లలో డోర్ దగ్గర స్టిక్కరు మీదున్నంత గాలి పట్టించు, అదీ టైర్లు చల్లగా ఉన్నప్పుడు. ఒక్కో టైరుని లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున కొలువు. లోపలి అంచు కంటికి కనబడదు, మొదట అరిగేది తరచూ అదే. తర్వాత చదును నేల మీద ముందు టైరు నేలని తాకే చోట టైరు మీదా నేల మీదా సుద్దతో గీత పెట్టి, బండిని సూటిగా ఒక చుట్టు తోయించి, టైరు గీత మళ్లీ నేలని తాకిన చోట నేల మీద ఇంకో గీత పెట్టు. నేల మీది రెండు గీతల మధ్య దూరం రాసుకో. వెనక టైరుకీ అలాగే. రెండింటికీ తేడా 10 మిల్లీమీటర్ల లోపుంటే సంతోషం. 20 దాటితే ఇంతకాలం అలాగే తిప్పారన్నమాట, ట్రాన్స్‌ఫర్ కేస్ పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వకు. వెనక రెండు టైర్లు నల్లగా మెరుస్తూ, ముందువి బోడిగా ఉంటే అమ్మకానికి ముస్తాబు చేశారని అర్థం. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని ఉన్న చోట చివరి నాలుగు అంకెలు చూడు, అవి తయారైన వారం, ఏడాది, 2321 అంటే 2021లో 23వ వారం. పక్కన నక్షత్రం గుర్తు ఉందా అన్నదీ చూడు, అది బీఎండబ్ల్యూ ఒప్పుకున్న టైరని గుర్తు. పోర్షేకి ఎన్, బెంజికి ఎంఓ, ఆడీకి ఏఓ.

నువ్వు కొన్నాక ముందువి వెనక్కి మార్చడం కుదరదు, సైజులు వేరు. వెనకవాటి గాడి లోతు 3 మిల్లీమీటర్లకి రాగానే నాలుగూ కలిపి మార్చెయ్యి. ముందువి ఇంకా బాగున్నాయి కదా అని నీ మనసు పీకుతుంది, వినకు. రెండు లక్షలు దానికోసమే పక్కన పెట్టుకో.

దారిలో బండి ఆగితే ముందు చక్రాలు ఎత్తి వెనకవి దొర్లించుకుంటూ లాక్కెళ్లే క్రేన్‌ని ఒప్పుకోకు. ఆ లాగుడు కూడా ఈ ప్లేట్లనే తింటుంది. నాలుగు చక్రాలూ పైన ఉండే ఫ్లాట్‌బెడ్ వచ్చేదాకా, రాత్రయినా సరే, అక్కడే ఉండి నాకు ఫోన్ చెయ్యి.

బ్రేకుల గురించి కొంచెం. డిస్కు మీదే కనీస మందం చెక్కి ఉంటుంది, బయటి అంచు పెదవిలా లేచి ఉంటే బాగా అరిగినట్టు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చకపోతే వేడికి మరిగి పెడల్ మెత్తబడుతుంది. శ్రీశైలం వెళ్తే దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో గేరుని మాన్యువల్‌లో 2కో 3కో దించి ఇంజన్‌తో ఆపు, పెడల్ మీద కాలు పెట్టి ఉంచకు. కిందికి దిగాక వేడి డిస్కుల మీద నీళ్లు కొట్టనివ్వకు.

వర్షంలో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద లాంటి చోట్లకి వెళ్లనే వెళ్లకు. ఎత్తు బండి కదా అనుకుంటారు, గాలి పీల్చే గొట్టం ఎత్తు ఎవరూ చూడరు. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కొద్దు. సిలిండర్‌లోకి చేరిన నీరు కుదించుకోదు కాబట్టి పిస్టన్‌ని తోసే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇన్సూరెన్సులో ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు తప్పకుండా తీసుకో, మామూలు పాలసీతో ఆ నష్టం నీ నెత్తినే పడుతుంది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 అంటే 120 నాన్నా. 160కి వెళ్తే వేగం పెరిగేది మూడో వంతే గానీ, బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 80 శాతం పెరుగుతుంది. వెనక సీట్లో మీ అమ్మ ఉంటే ఇంకా తక్కువలో వెళ్లు. వేగం పెరిగితే ముందు సీటు వెనక భాగాన్ని పట్టుకుని నోరు విప్పకుండా కూర్చుంటుంది, నీకు తెలియదు. అద్దంలో ఆవిడ చెయ్యి కనబడిందంటే కాలు తీసెయ్యి.

వెనక ఎయిర్ సస్పెన్షన్ సంగతి మర్చిపోబోయాను. రాత్రి ఆపినప్పుడు వెనక చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు దాకా రెండు వైపులా కొలిచి, పొద్దున స్టార్ట్ చెయ్యకముందు మళ్లీ కొలవాలి. ఒక వైపు దిగితే, బండిని మోసే గాలి తిత్తి (బెల్లో) కారుతోందన్నమాట. ఆ కారుడుని భర్తీ చెయ్యడానికి కంప్రెసర్ రోజంతా ఆడి అదీ కాలిపోతుంది. ఒక రాత్రికి బండి నీ దగ్గర ఉంచమని అడుగు, నిజాయితీ ఉన్నవాడు కాదనడు.

శనివారం చూడటానికి వెళ్తున్నావట. కొలతలన్నీ కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు, ముందు టైర్లవి ఒక వరసలో, వెనకవి ఒక వరసలో. నేను చూసి ఫోన్ చేసేదాకా బయానా ఇవ్వకు.

ఇట్లు,
మీ మావయ్య
ఆటోనగర్, విజయవాడ