లడ్లో పాత కొట్ల ముందు నిలబడి

చిరంజీవికి,

ఆశీస్సులు. ఇంగ్లండ్‌లోని లడ్లో పట్నం పాత కొట్ల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ ఊరు నీ మనసుకు పట్టిందని ప్రతి పేరాలో తెలుస్తోంది. కానీ ‘అందమైన’ అన్న మాట పదకొండు చోట్ల ఉంది. ఏ కొట్లో ఏం అమ్మేవారో ఒక్క చోటా లేదు. అందుకే ఈ ఉత్తరం.

కొట్టు కట్టినవాడికి కావలసింది అమ్మకం. గుమ్మం ఎక్కడ పెట్టాలి, కిటికీ అంచు ఎంత ఎత్తున ఉండాలి, వీధి మీదికి ఎంత జరగొచ్చు అన్నవన్నీ బేరం కోసం తేల్చుకున్నవే. ఆ బేరం నీ కంటికి కనపడేదాకా కలం పట్టకమ్మా.

హై స్ట్రీట్ పక్క సందులు ‘ఎందుకో మరీ ఇరుకు’ అని రాసి ముందుకు వెళ్లిపోయావు. నీ వ్యాసం ఆ ‘ఎందుకో’ దగ్గరే ఆగి ఉండాల్సింది. ఒకప్పుడు కోట వాకిలి నుంచి బుల్ రింగ్ వీధి దాకా ఒకటే పెద్ద బజారు. సంత రోజున బల్లలు వేసుకుని అమ్మేవాళ్లు, పొద్దుగూకితే ఎత్తేసేవాళ్లు. రానురాను కొందరు బల్ల ఎత్తడం మానేశారు. బల్ల మీద కప్పు పడింది, చుట్టూ గోడ లేచింది, ఆపైన ఒక గది వేసి కాపురమూ పెట్టారు. బల్లల వరసల మధ్య జనం మసలడానికి మిగిలిన దారులే ఇప్పటి హార్ప్ లేన్, చర్చ్ స్ట్రీట్. ఎవరూ కూర్చుని గీసిన వెడల్పు కాదది. ఆ కొట్ల వెనక పెరడు లేకపోవడానికీ కారణం ఇదే: వెనకవైపు ఇంకో వరస బల్లలు ఉండేవి.

అక్కడి నుంచి బ్రాడ్ స్ట్రీట్‌లోకి తిరిగితే లెక్క మారిపోతుంది. అవి ముందుగా కొలిచి పంచిన స్థలాలు. వీధి వైపు జానెడు, వెనక బారెడు. వీధి ముఖం అందరికీ కావాలి గనక తలా కాస్త దక్కింది. వెనక పొడుగునా పనిశాల, గిడ్డంగి, కట్టెలు, పందులు.

మధ్యయుగపు కొట్టుకి గాజు లేదు. చెక్క తలుపు రెండు ముక్కలుగా అడ్డంగా తెరుచుకునేది. పై ముక్క ఎత్తి నిలబెడితే ఎండకీ వానకీ పందిరి, కింది ముక్క దించితే సరుకు పరిచే బల్ల. కొనేవాడు వీధిలోనే నిలబడేవాడు. ఇది కళ్లారా చూడాలంటే ష్రూస్‌బరీ పట్నం వెళ్లి, బుచర్ రో వీధిలో అబాట్స్ హౌస్ అనే పాత ఇంటి ముందు నిలబడు. 1450ల చివర కట్టినది. కింది అంతస్తులో కొట్ల వెడల్పాటి కిటికీ అంచులు ఇంకా ఉన్నాయి. పటం ఎంత చూసినా రాని సంగతి ఆ అంచు ఎత్తు చూస్తే తెలుస్తుంది, అది మన నడుము దగ్గరికి వస్తుంది.

‘జెట్టీ’ని నువ్వు ‘బాల్కనీ’ చేశావు. అది బాల్కనీ కాదు. కింది గది దూలాలను గోడ దాటించి వీధి మీదికి సాగదీసి, ఆ కొసల మీద పై గది గోడ నిలపడం. మాట దొరకనప్పుడు పని చెప్పు. దూలం కొసను సన్నంగా చెక్కి ఇంకో దూలం బెజ్జంలో దిగ్గొట్టి, అడ్డంగా ఓక్ చీల బిగించేవారు అని రాస్తే మన వడ్రంగి కూడా తల ఊపుతాడు. ఆ దూలాలను ముందే అడితిలో అమర్చి చూసి, గుర్తుకి రోమన్ అంకెలు చెక్కి, విప్పి బండిమీద తెచ్చి, మళ్లీ అంకెల ప్రకారం నిలబెట్టేవారు. కొన్ని ఇళ్లలో ఆ గాట్లు నేటికీ కనపడతాయి. నీ వ్యాసంలో ఆ వడ్రంగి చెయ్యి ఎక్కడైనా కనపడాలని నా ఆశ.

తెల్లగోడ మీద నల్ల దూలాలు చూడగానే ‘ట్యూడర్ నాటి రంగులు’ అన్నావు, అంటే పదహారో శతాబ్దపు రాజుల కాలానివని. నేనూ మొదట అలాగే రాసి అచ్చు వేయించాను, తర్వాత సరిదిద్దుకున్నాను. ఆ గాఢమైన నలుపు చాలావరకు విక్టోరియా కాలపు ఇష్టం. అంతకు ముందు ఓక్‌ను దాని బూడిదరంగుకే వదిలేసేవారు, లేదా గోడతో పాటు దూలం మీదా సున్నం పూసేవారు.

బ్రాడ్ స్ట్రీట్‌లో ఇటుక ముఖాలున్న ఇళ్లను పద్దెనిమిదో శతాబ్దపువి అని ఒక్క మాటలో తేల్చేశావు. కొన్నిటికి ముఖమే ఆ కాలానిది, ఒళ్లు అంతకంటే పాతది. ఫ్యాషన్ మారినప్పుడు ఇల్లు పడగొట్టే స్తోమత లేక ముందు మాత్రం ఇటుక కట్టించుకున్నారు. పక్క సందులోకి వెళ్లి గోడ చూడు, దూలాలు పైకి తేలి ఉంటాయి. 1619 నాటి ఫెదర్స్ హోటల్ భవనం గురించి అందరూ రాస్తారు, నువ్వు ఒక్క వాక్యం రాస్తే చాలు. 1740లలో విలియం బేకర్ కట్టిన బటర్‌క్రాస్ దగ్గర మాత్రం ఆగు. కింద కమానుల నీడలో వెన్న అమ్మకం, పైన గది. వెన్నకి నీడ కావాలి కదా.

గాజు సంగతి. పాత పద్ధతిలో గాజును ఊది, పళ్లెంలా తిప్పి, చిన్న బిళ్లలుగా కోసేవారు. బరువును బట్టి సుంకం ఉండేది. 1845లో ఆ సుంకం ఎత్తేశాక పెద్ద పలకలు అందుబాటులోకి వచ్చాయి. పై అంతస్తు బరువు మోయడానికి పోత ఇనుప స్తంభాలూ ఉన్నాయి గనక, కొట్టు ముందు గోడను తీసేసి గాజు పెట్టగలిగారు. ఇంకొకటి, మధ్యలో ఉబ్బిన బొడ్డులా ఉండే గాజు బిళ్లను చూసి పాతదని మోసపోకు. ఆ కాలంలో అది పళ్లెం మధ్య మిగిలిన చవక ముక్క. మంచి కొట్టువాడు వీధి కిటికీకి దాన్ని పెట్టడు.

సోమవారం లడ్లోలో సంత ఉంటుంది. పొద్దున్నే, బల్లలు వేసే వేళకి వెళ్లు. కెమెరా సంచిలోనే ఉంచి, టేపు తీసుకెళ్లు. రెండు బల్లల వరసల మధ్య దారి కొలువు. తర్వాత హార్ప్ లేన్‌లోకి వెళ్లి దాన్నీ కొలువు. రెండు అంకెలూ రాసి నాకు పంపు. వ్యాసం మొదటి వాక్యం అక్కడి నుంచి వెతుకుదాం.

ప్రేమతో,
నీ మాస్టారు